ధర పక్కన మరో మూడు గళ్లు వేయండి

సంపాదకులు గారికి,

మీ బిజినెస్ పేజీలో రోజూ 'టాప్ గెయినర్స్' పట్టిక వేస్తున్నారు. కంపెనీ పేరు, ధర, పెరిగిన శాతం, అంతే. జడ్చర్ల, మహబూబ్‌నగర్‌లలో కొత్తగా డీమ్యాట్ ఖాతా తెరిచిన పిల్లలు ఆ పట్టికనూ, టెలిగ్రామ్ టిప్పులనూ చూసి డబ్బు పెడుతున్నారు. వద్దంటే, "ఊకెనే పెరుగుతదా సార్, ఏదో ఉండే ఉంటది" అంటున్నారు.

ఇలాంటి మాటే అర్థశాస్త్రంలోనూ ఉంది. అందుబాటులో ఉన్న సమాచారమంతా ధరలోనే ఇమిడి ఉంటుందన్నది ఆర్థికవేత్త యూజీన్ ఫామా సిద్ధాంతం. ఆయనతో పాటు 2013లో నోబెల్ పంచుకున్న రాబర్ట్ షిల్లర్ మాత్రం ధరలు అసలు విలువను వదిలి చాలా దూరం పోతాయని చూపించారు. రోజూ లక్షల షేర్లు చేతులు మారే పెద్ద కంపెనీల వరకు ఫామా మాట చాలామటుకు నిలుస్తుందనే నా నమ్మకం. బేరమే సరిగా జరగని షేరు దగ్గర అది నిలవదు. ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే పెట్టుబడి కంపెనీ చేతిలో విలువైన ఏషియన్ పెయింట్స్ వాటా ఉన్నా, అమ్మేవాళ్లు లేక దాని షేరు ధర 3 రూపాయల 53 పైసల దగ్గరే ఉండిపోయింది. 2024 అక్టోబర్ 29న ప్రత్యేక వేలం పెడితే ఒక్కరోజులో 2,36,250 రూపాయలైంది. మరి ముందురోజు ధర ఏం చెప్పినట్టు?

అక్కడ విలువున్నా ధర లేదు. దానికి తలకిందులుగా, విలువ లేకున్నా ధర పెంచే మోసమే మన పిల్లల్ని ముంచుతోంది. బయట తిరిగే షేర్లు తక్కువుంటే నలుగురు కూడబలుక్కుని, తమలో తామే కొనుక్కుంటూ రోజూ 5 శాతం అప్పర్ సర్క్యూట్, అంటే ఆ షేరు ఒక్కరోజులో పెరగగల గరిష్ఠ హద్దు, కొట్టించవచ్చు. అలా పదిహేను రోజులు సాగితే ధర రెట్టింపు దాటుతుంది. మీ పట్టికలో పేరు కనబడేది అప్పుడే. వాళ్లు అమ్ముకుని తప్పుకున్నాక లోయర్ సర్క్యూట్లు, అంటే రోజూ హద్దు మేరకు పడిపోవడం, మొదలవుతాయి. ఇక పిల్లలు ఎంతకైనా అమ్ముదామన్నా కొనే దిక్కుండదు. ఇంట్లో చెప్పుకోలేక కుమిలిపోతారు.

బాదేపల్లి యార్డులో పది బస్తాల పల్లికి రికార్డు ధర పలికిందని ఏ రైతూ తన పంటంతా ఆ లెక్కన పోతుందనుకోడు. ఎన్ని క్వింటాళ్లు వచ్చాయి, మోడల్ ధర, అంటే ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర, ఎంత అని అడుగుతాడు. షేర్లకూ ఆ వివరాలు కావాలి. ఆ రోజు ఎన్ని షేర్లు చేతులు మారాయి, కంపెనీకి నిరుడు లాభమెంత, అనుమానాస్పద షేర్లపై స్టాక్ ఎక్స్ఛేంజీలు పెట్టే ఏఎస్ఎం, జీఎస్ఎం అనే నిఘా జాబితాల్లో ఉందా లేదా అన్న మూడు గళ్లు ధర పక్కన వేయండి. ఇవన్నీ ఎక్స్ఛేంజీల వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. చోటు చాలకపోతే పట్టికలో పేర్లు సగానికి తగ్గించండి.

ఇట్లు,
విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు,
జడ్చర్ల