బ్యాండ్ 6 ఇంటర్వ్యూకి నన్ను తయారుచేసిన మన విశాఖ వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. పోయిన వారం ఆఫర్ లెటర్ వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో, ఒక ఆసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో బ్యాండ్ 6 బయోమెడికల్ సైంటిస్ట్ పోస్టు. రిఫరెన్సులు, మెడికల్ చెక్, వీసా ఇంకా మిగిలి ఉన్నాయి కాబట్టి స్వీట్లు పంచడానికి మా అత్తయ్య ఒప్పుకోవడం లేదు. థ్యాంక్స్ చెప్పడానికి వీసా అక్కర్లేదు కదా, అందుకని ఈ పోస్టు.

కొంచెం పొడుగే అవుతుంది. ఊరికే "సహకరించిన అందరికీ ధన్యవాదాలు" అని వదిలేస్తే వాళ్లు పడ్డ శ్రమ కనపడదు. ఎవరు ఏం చేశారో విడమరిచి చెబితే ఇటు విశాఖలో, అటు విజయనగరం, శ్రీకాకుళంలో ఇదే దారిలో ఉన్న ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) వాళ్లకి కూడా పనికొస్తుంది.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. అక్కడ బయోమెడికల్ సైంటిస్ట్‌గా పనిచేయాలంటే ముందు హెచ్‌సీపీసీలో, అంటే అక్కడి ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థలో రిజిస్టర్ అవ్వాలి. బ్యాండ్ 5 అంటే కొత్తగా చేరే రిజిస్టర్డ్ సైంటిస్ట్. బ్యాండ్ 6 అంటే షిఫ్టులో సెక్షన్ అప్పగించినా నడపగలగాలి, కింద వాళ్లకి పని నేర్పగలగాలి. చాలా ప్రకటనల్లో ఐబీఎంఎస్ (అక్కడి బయోమెడికల్ సైంటిస్టుల వృత్తి సంస్థ) స్పెషలిస్ట్ డిప్లొమా అడుగుతారు, కొన్నింటిలో "లేదా దానికి సమానమైన అనుభవం" అని ఉంటుంది. నేను పట్టుకున్నది ఆ రెండో రకం ప్రకటన. హెచ్‌సీపీసీ రిజిస్ట్రేషన్ ఎలా వచ్చిందన్నది వేరే కథ, అది ఇక్కడ ఎత్తను.

మొదటి థ్యాంక్స్ బ్రిటన్‌లోని లీడ్స్ అక్కకి. మా కాలేజీలోనే నాకన్నా చాలా ముందు బ్యాచ్. ఇప్పటిదాకా నేను ఆవిణ్ణి ఎదురుగా చూడలేదు, మా తోటికోడలి స్నేహితురాలి ద్వారా నంబరు దొరికింది. "అక్కా, మోడల్ ప్రశ్నలూ జవాబులూ ఉంటే పంపిస్తారా" అని అడిగాను. "పంపను" అంది. నాకు మొహం మాడిపోయింది. "ప్రకటన కింద పర్సన్ స్పెసిఫికేషన్ అని ఒక టేబుల్ ఉంటుంది. తప్పనిసరిగా ఉండాల్సినవి ఒక పక్క, ఉంటే మంచిదన్నవి ఇంకో పక్క. ప్రతి లైను ఎదురుగా నీ ల్యాబ్‌లో నువ్వు చేసిన ఒక పని రాయి. ఖాళీగా మిగిలిన గడులు నాకు పంపు. నిండినవి నాకెందుకు?"

ఇంటర్వ్యూకి ఎవర్ని పిలవాలో వాళ్లు ఆ టేబుల్‌ని బట్టే నిర్ణయిస్తారట. ఇంటర్వ్యూలోనూ అభ్యర్థులందరికీ అవే ప్రశ్నలు, ప్రతి జవాబుకీ మార్కులు. మనం ఎంత చదివామన్నది కాదు, వాళ్లు మార్కు వేయడానికి వీలైన విషయం మన నోట్లోంచి వచ్చిందా లేదా అన్నదే లెక్క. ఇది తెలిశాక నా ప్రిపరేషన్ మొత్తం మారిపోయింది. అంతకుముందు క్లినికల్ బయోకెమిస్ట్రీ పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి కూర్చున్నాను.

ప్రతి ఉదాహరణనీ పరిస్థితి ఏంటి, నా బాధ్యత ఏంటి, నేనేం చేశాను, చివరికి ఏమైంది అన్న వరసలో చెప్పించేది అక్క. నేను "ల్యాబ్‌లో టర్న్‌ఎరౌండ్ టైమ్ (శాంపిల్ అందాక రిపోర్టు వెళ్లేదాకా పట్టే టైమ్) తగ్గించాం" అనగానే ఆపేసింది. "అందులో నీ చెయ్యి ఎంత? మీ మేనేజర్ తగ్గిస్తే ఆయన్నే ఇంటర్వ్యూకి రమ్మను." గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. ఐసీయూ శాంపిళ్లు ఓపీ శాంపిళ్లతో కలిసి సెంట్రిఫ్యూజ్ దగ్గర ఆగిపోతున్నాయని గమనించింది నేను, వాటికి విడిగా ఎర్ర ర్యాక్ పెట్టించింది నేను, ముందూ తర్వాతా టైములు రాసి చూపించింది కూడా నేనే. అది చెప్పుకోదగ్గ పని అని నాకే తోచలేదు. చేసిన పని చెప్పుకుంటే గొప్పలు పోతోందంటారని పెరిగినవాళ్లం కదా.

ఇక సార్. కేజీహెచ్ (విశాఖ పెద్ద ప్రభుత్వాసుపత్రి) ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు, ఇల్లు పెదవాల్తేరులో. "నాకు ఆ దేశం తెలీదమ్మా, కంట్రోల్ చార్టు తెలుసు" అన్నారు. నిజం చెప్పాలంటే ఇంటర్వ్యూలో నన్ను గట్టెక్కించింది ఆ చార్టే.

సాయంత్రం డ్యూటీ దిగి వెళ్తే, వరండాలో గ్రాఫ్ పేపరు మీద పెన్సిల్‌తో లెవీ జెన్నింగ్స్ చార్టు గీసి ఉంచేవారు. విలువ ముందే తెలిసిన కంట్రోల్ శాంపిల్‌కి మెషిన్ ఇచ్చిన అంకెలు వరసగా గుర్తించే గ్రాఫ్ అది. ఒకరోజు పొటాషియం కంట్రోలు వరసగా రెండుసార్లు ఒకే వైపు ప్లస్ 2 ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) దాటినట్టు గీశారు. నేను గబగబా చెప్పేశాను: వెస్ట్‌గార్డ్ 2-2ఎస్ రూలు (కంట్రోలు ఫలితాన్ని నమ్మాలా వద్దా చెప్పే రూలు) తప్పింది, సిస్టమాటిక్ ఎర్రర్ (అంకెలన్నీ ఒకే వైపు జరిగే తప్పు), రన్ రిజెక్ట్, కాలిబ్రేషన్ చూస్తాను, రీఏజెంట్ లాట్ మారిందేమో చూస్తాను, ఎలక్ట్రోడ్ చూస్తాను, మళ్లీ రన్ చేస్తాను. "బాగుంది. ఇది టెక్నీషియన్ జవాబు. ఇప్పుడు సీనియర్ జవాబు చెప్పు" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయనే ఒక్కొక్కటీ అడుగుతూ పోయారు. ఈ కంట్రోలు చివరిసారి సరిగ్గా వచ్చింది ఎప్పుడు? అప్పటినుంచి ఇప్పటిదాకా బయటికెళ్లిన పొటాషియం రిపోర్టులు ఎన్ని? వాటిలో డయాలిసిస్ పేషెంట్లు ఎవరు? ఏ శాంపిళ్లు మళ్లీ వేస్తావు? మెషిన్ ఆపావు సరే, ఈలోగా క్యాజువాలిటీ నుంచి వచ్చే శాంపిల్ ఎక్కడ వేస్తావు? ఆలస్యం అవుతుందని వార్డులకి ఎవరు చెప్తారు? ఇదంతా ఎక్కడ రాస్తావు? రేపు షిఫ్టుకి వచ్చేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

మెషిన్ దగ్గర మొదలైన ప్రశ్న పేషెంటు దగ్గరికి ఎలా వెళ్తుందో నాకు ఆ రోజు తెలిసింది. ప్యానెల్లో క్వాలిటీ కంట్రోల్ ప్రశ్న రానే వచ్చింది. వెస్ట్‌గార్డ్ సంగతి రెండు ముక్కల్లో ముగించి, మిగతా టైమంతా సార్ అడిగిన వరసలోనే వెళ్లాను. ముగ్గురూ తలొంచుకుని రాసుకుంటూనే ఉన్నారు.

ఆయన ఇచ్చిన ఇంకో లెక్క కూడా ఇక్కడ పెడుతున్నాను. పొటాషియం 9.2, కాల్షియం 1.3, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా తక్కువ, సోడియం మామూలే, సీరంలో హీమోలిసిస్ (ఎర్ర కణాలు పగిలిపోవడం) లేదు. ఏం జరిగింది? ఊదా మూత ట్యూబులో పోసిన రక్తం కొంత ఈ ట్యూబులోకి వచ్చిందని ముందు అనుమానించాలి. ఆ ట్యూబులో ఉండేది రక్తం గడ్డకట్టకుండా చూసే పొటాషియం ఈడీటీఏ కాబట్టి పొటాషియం పెరుగుతుంది. ఈడీటీఏ కాల్షియాన్ని పట్టేస్తుంది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైముకి కావాల్సిన జింక్, మెగ్నీషియాన్నీ లాగేసుకుంటుంది. ఇంతవరకూ చాలామంది చెప్పేస్తారు. "శాంపిల్ చెడిందని రిజెక్ట్ కొట్టి కూర్చుంటావా?" అన్నారు సార్. "ఒకవేళ పేషెంటుకి నిజంగానే పొటాషియం ఎక్కువుంటే? ఫోన్ తియ్యి. పేషెంటు ఎలా ఉన్నాడో అడుగు, వెంటనే కొత్త శాంపిల్ పంపమను, ఎవరితో మాట్లాడావో పేరూ టైమూ రాసుకో. రక్తం తీసేటప్పుడు ఏ ట్యూబు ముందు నింపాలో ఆ వార్డులో ఎవరికైనా నేర్పాల్సి ఉందేమో కూడా చూడు."

పైన కాల్షియం 1.3 చూసి ఉలిక్కిపడ్డవాళ్లకి: అది మిల్లీమోల్స్‌లో. అక్కడ చాలావాటికి అవే యూనిట్లు. మన మిల్లీగ్రాముల్లో కాల్షియాన్ని 4తో, గ్లూకోజ్‌ని 18తో భాగించాలి, క్రియాటినిన్‌ని 88.4తో గుణిస్తే మైక్రోమోల్స్ వస్తాయి. హెచ్‌బీఏ1సీ మన 6.5 శాతం అక్కడ 48. సోడియం, పొటాషియం మాత్రం రెండు చోట్లా ఒకే అంకె, బతికించాయి. ఈ లెక్కలు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించి, పెరుగు కోసం వెళ్లినప్పుడల్లా నన్ను పరీక్ష పెట్టిన మా ఆయనకీ ఒక థ్యాంక్స్.

క్వాలిటీ మేనేజర్ మేడమ్‌కి ఎంత చెప్పినా తక్కువే. సిరిపురంలో కాఫీ తాగుతూ, నాకు అప్పటిదాకా ఉన్న భయం పోగొట్టింది ఆవిడే. "అక్కడ యూకాస్, ఇక్కడ ఎన్‌ఏబీఎల్. వచ్చి చూసేవాళ్లు వేరు, పుస్తకం ఒకటే, ఐఎస్‌ఓ 15189. నువ్వు రోజూ చేసేదే వాళ్లూ చేస్తున్నారు" అన్నారు. యూకాస్, ఎన్‌ఏబీఎల్ ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థలు, 15189 వైద్య ల్యాబ్‌ల నాణ్యతకి అంతర్జాతీయ ప్రమాణం. 2022 ఎడిషన్‌లో రిస్క్ మీద పట్టు ఎందుకు పెంచారో, ఇదివరకు 22870 అనే వేరే ప్రమాణంలో విడిగా ఉన్న పాయింట్ ఆఫ్ కేర్ టెస్టింగ్ (పేషెంటు పక్కనే చేసే పరీక్షలు) నియమాలు ఇందులోకి ఎలా వచ్చాయో చెప్పారు. తర్వాత నా చేత వర్టికల్ ఆడిట్ చేయించారు. ఒకే ఒక్క శాంపిల్ తీసుకుని, రిక్వెస్ట్ ఫారం దగ్గర్నుంచి తీసిన టైమ్, ల్యాబ్‌కి చేరిన టైమ్, వేసిన మనిషి ట్రైనింగ్ రికార్డు, రీఏజెంట్ లాట్, ఆ రోజు కంట్రోళ్లు, రిపోర్టు వెళ్లిన టైమ్ వరకూ కాగితాలన్నీ వెతికి పట్టుకోవడం. చాలా విసుగు పని. ఆడిట్ అనుభవం గురించి అడిగినప్పుడు చెప్పడానికి నా దగ్గర ఉన్నది మాత్రం అదే.

ఎన్‌హెచ్‌ఎస్ విలువలు ఆరు. గౌరవం, కరుణ, అందరూ ముఖ్యమే, ఇలా సాగుతాయి. వాటిని బట్టీ పట్టి అప్పజెప్పడం దండగని నా అభిప్రాయం, వినేవాళ్లకి అది ఇట్టే తెలిసిపోతుంది. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఇంకో ప్రశ్న: తోటి ఉద్యోగి పద్ధతి ప్రమాదకరంగా ఉందనిపిస్తే ఏం చేస్తారు, ఆ మనిషి మీకన్నా సీనియర్ అయితే? మన దగ్గర సీనియర్‌కి ఎదురు చెప్పడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. దీని మీద సార్‌కీ అక్కకీ వీడియో కాల్లో చిన్న యుద్ధమే జరిగింది. పక్కకి పిలిచి మర్యాదగా చెప్పాలంటారు సార్. చెప్పాలి, కానీ పేషెంటుకి హాని జరిగే వీలుంటే అక్కడితో ఆపకూడదు, ఇన్సిడెంట్ రిపోర్ట్ పెట్టాలి, మేనేజర్‌కి చెప్పాలి, హెచ్‌సీపీసీ ప్రమాణాల ప్రకారం అది మన బాధ్యత అంటుంది అక్క. ఆ రిపోర్టు మనిషిని శిక్షించడానికి కాదు, మళ్లీ అలా జరగకుండా చూడటానికట. కనీసం రూల్సులో అలా రాసుకున్నారు. చివరికి ఇద్దరి మాటా కలిపి నా జవాబు తయారైంది: ముందు శాంపిల్ ఆపు, తర్వాత మనిషితో మాట్లాడు, ఆ పైన రాతలో పెట్టు.

మా పక్కింటి ఇంగ్లిష్ లెక్చరర్ మేడమ్ నా చేత వాక్యాలు చిన్నవిగా చేయించారు, మెల్లగా మాట్లాడటం నేర్పారు. యాస అర్థం కాకపోతే ప్రశ్న మళ్లీ చెప్పమని అడగడానికి మొహమాటపడొద్దన్నారు. ఇంటర్వ్యూలో అడిగాను. వాళ్లు ఏమీ అనుకోలేదు, చక్కగా మళ్లీ చెప్పారు.

మా ఇంట్లో కరెంటునీ నెట్‌నీ నమ్మలేక, మద్దిలపాలెంలో తన ఆఫీసు గది ఇచ్చిన తమ్ముడికి ప్రత్యేకంగా థ్యాంక్స్. వాడు చేసిన ఇంకో మేలుంది. అక్టోబరు ఆఖరి ఆదివారం బ్రిటన్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటివరకూ మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటల తేడా, ఆ తర్వాత ఐదున్నర. నా ఇంటర్వ్యూ సరిగ్గా ఆ తర్వాతి వారంలో పడింది. ఉదయం 10 అంటే మనకి మధ్యాహ్నం 2.30 కాదక్కా, 3.30 అని వాడు చెప్పబట్టి ఒక గంట టెన్షన్ తప్పింది. ఆ గంటలో భోజనం చేశాను. మాక్ ఇంటర్వ్యూలు జరిగిన ప్రతిసారీ మా చిన్నదాన్ని బీచ్‌కి తీసుకెళ్లి, మురీ మిక్చర్ కొనిపెట్టి, చీకటిపడేదాకా ఆడించిన అత్తయ్యకి నేను విడిగా ఇంట్లోనే చెప్పుకుంటాను.

ప్రయత్నించేవాళ్లు రెండు విషయాలు ముందే చూసుకోండి. వీసా స్పాన్సర్‌షిప్ ఇస్తామని ప్రకటనలో ఉందో లేదో చదివాకే అప్లికేషన్ మొదలుపెట్టండి, లేకపోతే రాసిందంతా వృథా. ఎన్‌హెచ్‌ఎస్ జాబ్స్ సైట్‌లో దరఖాస్తుకి ఫీజు లేదు, కాబట్టి "ఇంటర్వ్యూ గ్యారంటీ" అని డబ్బులడిగేవాళ్లకి నమస్కారం పెట్టి వచ్చేయండి. ఒకతను నన్నూ అడిగాడు. ఆ కబుర్లు వినడానికి పోయిన మధ్యాహ్నం మాత్రం తిరిగి రాదు.

సార్ గీసిన చార్టులన్నీ స్కాన్ చేసి పెట్టాను, ఆయన అనుమతి కూడా తీసుకున్నాను. కావాల్సినవాళ్లు మెసేజ్ పెట్టండి, పంపిస్తాను. మాక్ ఇంటర్వ్యూ కావాలంటే వీసా పనుల మధ్య కుదిరినప్పుడల్లా నేను చేస్తాను, కానీ పర్సన్ స్పెసిఫికేషన్ టేబుల్ నింపి, ఖాళీ గడులు పట్టుకుని రండి. అక్కకి నైట్ షిఫ్టులుంటాయి, దయచేసి ఆవిడ నంబరు అడగకండి. మీ టేబుల్ చూశాక అవసరమనిపిస్తే నేనే ఆవిడకి చెప్తాను.