నీ ప్రశ్నకు ఫోన్లో చెప్పలేకపోయిన జవాబు

అమ్మలూ,

పీహెచ్‌డీ సీటు వచ్చిందని సంబరంగా చెప్పి, ఫోన్ పెట్టేసే ముందు మెల్లగా అడిగావు. "పీసీబీలను నిషేధించి ఇన్నేళ్లయింది కదమ్మా, ఇంకా తిమింగలాల్లో వాటిని కొలుస్తూ కూర్చుంటే ఎవరికి లాభం?" అని. అప్పటికి ఏదో చెప్పి సర్దేశాను. తీరిగ్గా రాయాల్సిన జవాబు అది.

పీసీబీలంటే పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే పారిశ్రామిక రసాయనాలు. అమెరికాలో వాటి తయారీ 1929లో మొదలైంది, 1979లో నిషేధం వచ్చింది. అప్పటికే ట్రాన్స్‌ఫార్మర్లలో, పెయింట్లలో, భవనాల సందులు పూడ్చే సీలెంట్లలో చేరిన సరుకు మాత్రం ఎక్కడికీ పోలేదు. అది నీళ్లలో సరిగా కరగదు, కొవ్వులో ఇట్టే కరుగుతుంది, ఒక పట్టాన విచ్ఛిన్నం కాదు. చేప నుంచి సీల్ అనే సముద్ర జంతువుకు, సీల్ నుంచి కిల్లర్ వేల్ అనే ఓర్కాకు చేరేకొద్దీ పోగుపడుతుంది. ఇదంతా నీకు తెలిసిందే. మగ ఓర్కా దాన్ని బతికినన్నాళ్లూ మోస్తుంది. ఆడదానికి దించుకోవడానికి ఒక దారి ఉంది. పాలు. కొవ్వు దండిగా ఉండే ఆ పాలతో పాటు విషం కూడా బిడ్డలోకి దిగుతుంది, అందులో పెద్ద వాటా తొలిచూలుదే. ఫ్లోరిడాలోని సరసోటా బేలో 1970 నుంచి డాల్ఫిన్లను తరతరాలుగా గమనిస్తున్నారు. అక్కడ తొలిచూలు పిల్లలు ఎక్కువగా చనిపోతున్నట్టు తేలింది. తొలి కాన్పు తల్లికి అనుభవం తక్కువ, అదీ ఒక కారణం కావచ్చు. నువ్వు నా తొలిచూలు బిడ్డవి కాబట్టి ఆ పేపర్ చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. పేపర్లో ఇలాంటి మాట రాయకూడదు, ఉత్తరంలో రాయొచ్చు.

ఇక లులు సంగతి. 2016 జనవరిలో స్కాట్లాండ్‌లోని టైరీ దీవి ఒడ్డున ఆ ఆడ ఓర్కా చనిపోయి దొరికింది. కొవ్వులో కిలోకు 957 మిల్లీగ్రాముల పీసీబీలు! 40 దాటితే తీవ్ర ప్రమాదం అనుకునే లెక్కలో ఇది ఎంతో చూడు. వయసు ఇరవై ఏళ్లకు తక్కువ ఉండదు, అయినా ఒక్కసారి కూడా ఈనిన గుర్తు అండాశయాల్లో లేదు. అంతా విన్నవాళ్లు విషమే చంపేసిందని అనేస్తారు. పోస్ట్‌మార్టంలో తేలింది వేరు. పీతల బోనులకు కట్టే తాడులో చిక్కుకుని చనిపోయింది. మరి పీసీబీల పాత్ర ఏమీ లేదా? పిల్లలు పుట్టకపోవడానికి అవే కారణమని గట్టిగా అనుమానించవచ్చు. తాడుకు చిక్కేంత నీరసం వాటివల్లే వచ్చిందా అంటే, ఒక్క కళేబరాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. నిన్ను మాత్రం అందరూ అదే అడుగుతారు. మైకు పట్టుకుని మరీ అడుగుతారు.

అంకెల్ని కూడా అంత తేలిగ్గా నమ్మకు. జబ్బుపడిన జంతువు తిండి మానేసి ఒంట్లో కొవ్వును కరిగించుకుంటుంది. కొవ్వు పోతుంది, పీసీబీ ఉండిపోతుంది. మిగిలిన కాస్త కొవ్వులో దాని మోతాదు పెరిగినట్టు కనిపిస్తుంది. ఎక్కువ ఉన్నందువల్ల చచ్చిందా, చచ్చే ముందు చిక్కిపోయినందువల్ల ఎక్కువ కనిపించిందా? నీ థీసిస్‌లో సగం టెన్షన్ దీంతోనే. అందుకే నాకు 1986లో డచ్ శాస్త్రవేత్త పీటర్ రైండర్స్ అచ్చువేసిన సీల్స్ ప్రయోగం మీద అంత గౌరవం. ఒక గుంపుకు నెదర్లాండ్స్ తీరంలోని వాడెన్ సముద్రం చేపలు, ఇంకో గుంపుకు అట్లాంటిక్ చేపలు పెట్టారు. కలుషితమైన వాడెన్ చేపలు తిన్న గుంపులో చూళ్లు బాగా తగ్గాయి. ఓర్కాలతో అలాంటి ప్రయోగం ఎవరూ చేయలేరు, చేయకూడదు కూడా. కాబట్టి మనకు దొరికేది ఒడ్డుకు కొట్టుకొచ్చినదే.

ఆ కళేబరం నుంచి శాంపిల్ తీసే పని ఎలా ఉంటుందో కూడా విను. చర్మం నుంచి కండ దాకా కొవ్వు పొరను మొత్తం నిలువుగా కోయాలి. పైపొరలో, లోపొరలో మోతాదు ఒకేలా ఉండదు. కత్తిని ప్రతిసారీ సాల్వెంట్‌తో కడగాలి. ముక్కను ప్లాస్టిక్ కవర్లో వేయకుండా అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టాలి, ప్లాస్టిక్‌లోని రసాయనాలు శాంపిల్‌కు అంటుకుంటాయి. పెన్సిల్‌తో లేబుల్ రాయి, తడిలో పెన్ను నమ్మదగింది కాదు. వాసన సంగతి చెప్పను. తలంటుకున్నా పోదు, నీకే తెలుస్తుంది.

లాభం ఎవరికని అడిగావుగా. ఆ ఫాయిల్ పొట్లం ఫ్రీజర్‌లోకి వెళ్తుంది, అసలు విలువ అక్కడ ఉంది. ఆర్కిటిక్‌లో 1981 నుంచి దాచిపెట్టిన రింగ్డ్ సీల్స్ కొవ్వును తర్వాత తీసి పరీక్షిస్తే, మంటలు అంటుకోకుండా ఫర్నిచర్‌లో కలిపే పీబీడీఈలు 2000 నాటికి ఏటికేడు ఎలా ఎగబాకాయో బయటపడింది. ముక్క కోసినవాళ్లు వాటికోసం కోయలేదు. 2009లో ఆ రసాయనాల్లో కొన్ని మొండి విష రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలోకి ఎక్కాయి. బాల్టిక్ గ్రే సీల్స్ కథా చదువు. డెబ్బైలలో గర్భాశయాలు మూసుకుపోయి ఈనలేకపోయిన జంతువులు, నిషేధాల తర్వాత మళ్లీ పుంజుకున్నాయి. కోలుకున్నాయని చెప్పగలిగింది ఎవరో కొలవడం మానకపోవడం వల్లే.

చేరేముందు మీ గైడ్‌ను మూడు సంగతులు అడుగు. పాత శాంపిల్స్ ఎన్నేళ్లవి ఉన్నాయి, వాటి రికార్డు ఎవరు రాస్తున్నారు, కరెంటు పోతే ఫ్రీజర్లకు జనరేటర్ ఉందా అని. మూడోదానికి ఆయన నీళ్లు నమిలితే ఇంకో ల్యాబ్ చూసుకో. స్టైపెండ్ గురించి నాన్నతో మాట్లాడు, నాకు ఆ లెక్కలు రావు.

అమ్మ