అరికాళ్ల మంట

ప్రియమైన మిత్రుడికి,

"మందులు ఉచితంగా వస్తున్నాయి, మనుషులు బతుకుతున్నారు, ఇంకా మీ దగ్గరికి వచ్చేవాళ్లకు ఆ దిగులేమిటి?" అని నువ్వు రాసిన మాటకు నాకు కోపం రాలేదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో పదకొండేళ్లుగా కౌన్సెలర్‌గా కూర్చుంటున్న నాకే దాని జవాబు ఈ మధ్య తెలిసింది.

మా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన 2007లో మందులు మొదలుపెట్టారు. అప్పట్లో ఇచ్చిన స్టావుడిన్ ఆయన ప్రాణం నిలిపింది గానీ కాళ్ల నరాలను దెబ్బతీసింది. దాన్ని క్రమంగా మానేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెప్పింది, తర్వాత మన దేశంలోనూ ఆపేశారు. అయితే అప్పటికే పట్టుకున్న అరికాళ్ల మంట ఆయనను వదలలేదు. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ చూస్తే వంక పెట్టడానికి లేదు కాబట్టి ప్రతిసారీ "బాగుంది" అనేవాళ్లం, ఆయన తలూపి మందుల డబ్బా సంచిలో వేసుకుని వెళ్లిపోయేవారు. మొన్న చెప్పులు చేత్తో పట్టుకుని చల్లటి గచ్చు మీద నిలబడి ఉంటే చూసి, లోపలికి పిలిచి అడిగాను. రాత్రిళ్లు తడి గోనెపట్టా మీద కాళ్లు పెట్టుకుని తెల్లవారేదాకా కూర్చుంటారట. నొప్పి అంటే జబ్బు ముదిరిందనుకుని కోడలు మనవణ్ణి దగ్గరికి రానివ్వదేమోనన్న భయంతో ఇంట్లో నోరు విప్పలేదట.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని శిక్షణకు ముందు నేనూ నమ్మేవాణ్ణి, అది అపోహ. ఆయన చాలాసేపు గోడవైపు చూసి, "ఈ మాట ఎవరూ అడగలేదు బాబూ" అన్నారు. మా పరీక్షలన్నీ రక్తంలోని వైరస్ కోసమే తప్ప, నిద్రపోని మనిషి కోసం కాదని అప్పుడు సిగ్గేసింది.

ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరికి స్వయంగా తీసుకెళ్లాను. నరాల నొప్పికీ దిగులుకీ కలిపి పనికొచ్చే మాత్ర రాత్రిపూటకు రాశారు. రాత్రి మరీ బరువనిపిస్తే మాట్లాడమని ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416ను ఆయన పుస్తకం వెనుక పెద్ద అక్షరాలతో రాశాను. అనుమతి లేకుండా ఇంట్లో చెప్పకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టమే ఉంది కనుక, ఆయన ఒప్పుకున్నాకే కొడుకుతో మాట్లాడాను.

మంట పోలేదు, కానీ నాలుగు గంటలు నిద్ర పడుతోందట. ఒక పని చేసిపెట్టు. మీ వీధిలో షుగరువాళ్లకు అమ్మే మెత్తటి రబ్బరు ఎంసీఆర్ చెప్పులు ఎనిమిదో నంబరువి ఒక జత పంపించు, డబ్బులు ఫోన్‌లో వేస్తాను.

నీ మిత్రుడు