ఫిలిప్పిక్ గురించి సత్యానికి

ప్రియమైన సత్యం,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇంట్లో అందరూ కులాసా. చెల్లెలి పెళ్లి మాఘంలో ఖాయమైంది, నీవు తప్పక రావాలి. తక్కిన కబుర్లు పక్కన పెడుతున్నాను. ఫిలిప్పిక్ అనే ఇంగ్లీషు మాట కొన్నాళ్లుగా నా బుర్రను తొలిచేస్తున్నది, నీతో చెప్పుకుంటే తప్ప మనసు కుదుటపడదు.

నిఘంటువులో దాని అర్థం ఘాటైన నిందాప్రసంగం. అయితే కోపం పట్టలేక నోటికి వచ్చినట్లు తిడితే ఆ మాట వాడటం నాకు నచ్చదు, దానికి టైరేడ్ చాలు. ఒక మనిషిని గురిపెట్టి, ముందుగా సిద్ధమై, నలుగురి ఎదుట ఒక్కొక్క ఆరోపణనూ విప్పి దుయ్యబట్టినప్పుడే ఆ పేరు తగినది. ఆ లెక్కన బెంచీ ఎక్కి, పప్పుచారు వండినవాడి మీద నీవు చేసిన ప్రసంగం అచ్చమైన ఫిలిప్పిక్! అదే పప్పుచారు నీవు రెండో గరిటె వేయించుకున్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పను.

గ్రీసుకు ఉత్తరాన ఉన్న మాసిడోనియా రాజు రెండవ ఫిలిప్పు మీద ఏథెన్సులో డెమొస్తనీస్ అనే వక్త చేసిన ప్రసంగాల వల్ల ఆ మాట పుట్టింది. వాటిలో మొదటిది క్రీ.పూ. 351 నాటిది. అందులో ఆయన సొంత ఊరివారినీ వదలలేదు. మొరటు ముష్టియోధుడు దెబ్బ తగిలిన చోటికే చేయి పోనిస్తాడు తప్ప ఎదుటివాడిని చూసి కాచుకోడని, ఫిలిప్పుతో మీ యుద్ధమూ అలాగే ఉన్నదని మందలించాడు. ఎంత నిజమైన కోపం అది!

మూడు వందల ఏళ్ల తరువాత రోములో మార్క్ ఆంటొనీ అనే నాయకుడి మీద సిసెరో అనే వక్త చేసిన ప్రసంగాలకూ అదే పేరు వచ్చింది. ఆయన ఒక ఉత్తరంలో సరదాగా సూచిస్తే, అలాగే పిలుద్దామని ఆయన మిత్రుడు బ్రూటస్ ఒప్పుకున్నాడు. మనకు దక్కినవి 14. వాటిలో అన్నిటికన్నా పదునైన రెండవది సభలో చదివినది కాదు, రాతగా చేతులు మారినది. ఒక పెళ్లిలో తప్పతాగిన ఆంటొనీ మరునాడు నిండు సభలో వాంతి చేసుకున్న వైనం అందులో ఉన్నది. విందులో జరిగినా సిగ్గుచేటే కదా, మరి ప్రజల ఎదుట, రాచకార్యం నడుపుతూ, అంత పదవిలో ఉండి, త్రేన్చడమే తప్పయిన చోట వాంతి చేసుకుంటాడా అని సిసెరో మెట్టు మెట్టుగా బిగిస్తాడు. చివరికి ఒడి నిండా పడిన, మద్యం కంపు కొట్టే అన్నపు ముక్కలనూ వదలడు. చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

దానికి ఆయన చెల్లించిన మూల్యం తలచుకుంటే దుఃఖం వస్తుంది. క్రీ.పూ. 43 డిసెంబరులో సిసెరోను చంపించి, ఆ ప్రసంగాలు రాసిన చేతులను కూడా నరికించి, తలతో పాటు రోము నడిబొడ్డున ఉన్న ఫోరం అనే బహిరంగ కూడలిలోని ఉపన్యాస వేదికపై ఆంటొనీ పెట్టించాడు. అందుకే ఎవరో విసుక్కుంటేనే పత్రికలవాళ్లు ఫిలిప్పిక్ అని రాసేస్తే నాకు మనసు ఒప్పుకోదు. డెమొస్తనీస్ సైతం చివరికి విషం మింగాడు, అదీ ఎలాగంటే... పోస్టు కట్టే వేళయింది, బయట తమ్ముడు తొందరపెడుతున్నాడు, తక్కినది మరో ఉత్తరంలో రాస్తాను.

నీ
రఘు