లేబర్ రూమ్‌కు నర్సులెందరో పోస్టుల లెక్క చెప్పదు

సంపాదకుడు గారికి,

ప్రసూతి విభాగంలో నర్సుల కొరత మాట వస్తే మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. ఖాళీలన్నీ నింపినా లేబర్ రూమ్‌కు మనుషులు చాలుతారో లేదో ఆ లెక్కలో తేలదు. నొప్పులు పడుతున్న తల్లి పక్కన ఎన్ని గంటలు మనిషి ఉండాలో చూడాలి.

నెలకు 300 కాన్పులయ్యే ఆసుపత్రి అనుకుందాం. రోజుకు పది. నొప్పులు ఊపందుకున్నప్పటి నుంచి కాన్పయ్యాక రెండు గంటల వరకు ఒక్కొక్కరికి సగటున పది గంటలు వేసుకున్నా, ఏ వేళ చూసినా సగటున నలుగురు తల్లులుంటారు. కానీ నొప్పులు వరుస పెట్టుకుని రావు. తల్లికొక నర్సు చొప్పున సగటుకు సరిపడా నలుగురినే వేస్తే నూటికి 40 వంతుల సమయం ఐదుగురో, అంతకు మించో తల్లులుంటారు. షిఫ్టుకు ఆరుగురుంటే ఆ లోటు 13 వంతులకు దిగుతుంది.

ఒక స్థానంలో ఏడాది పొడవునా మనిషి ఉండాలంటే 8,760 గంటలు కావాలి. వారాంతపు సెలవులు, క్యాజువల్, ఆర్జిత సెలవులు, పండగలు పోగా ఒక నర్సు చేసేది సుమారు 250 రోజులు, అంటే 2,000 గంటలు. స్థానానికి 4.4 మంది, ఆరు స్థానాలకు 26 మంది. ప్రసూతి సెలవులు ఇందులో కలపలేదు.

నొప్పులు ముదిరాక బిడ్డ గుండె చప్పుడు అరగంటకోసారి, ముక్కే దశలో ఐదు నిమిషాలకోసారి వినాలి. ఒక్కరే ముగ్గురిని చూస్తుంటే పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో ఎప్పటికప్పుడు గుర్తించే పట్టిక) కాన్పయ్యాక నింపుతారు. అప్పుడది ఎవరినీ హెచ్చరించలేదు. కాన్పయ్యాక రెండు గంటలపాటు 15 నిమిషాలకోసారి గర్భసంచి గట్టిపడిందా, రక్తం ఎంత పోతోంది అని చూడాలి. పక్క బల్ల మీద ఇంకో కాన్పు నడుస్తుంటే తప్పిపోయేది ఇదే, ప్రాణం మీదికి వచ్చేదీ ఇక్కడే.

పల్నాడు, బాపట్ల వైపు నుంచి గుంటూరుకు రిఫర్ అయి వచ్చే బీపీ కేసులు వేరు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ మందు ఇస్తున్న తల్లికి శ్వాస, మూత్రం, మోకాలి రిఫ్లెక్స్ పదేపదే చూడాలి. ఆమెను మామూలు కాన్పుతో సమానంగా లెక్కేస్తే కొరత కనబడదు. బ్రిటన్‌లో వాడే బర్త్‌రేట్ ప్లస్ పద్ధతి తల్లులను కష్టాన్ని బట్టి వర్గాలు చేసి గంటలు కేటాయిస్తుంది. మనకూ అదే కావాలి.

విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల్లో మూడు నెలలపాటు నాలుగు గంటలకోసారి నొప్పుల్లో ఎందరు, వారిలో ప్రమాదమున్నవారెందరు, ఆ సమయానికి గదిలో నిజంగా ఉన్న నర్సులెందరు అని రాయించండి. డిప్యుటేషన్ మీద వెళ్లినవారిని, థియేటర్‌కో అంబులెన్స్‌లోకో పంపినవారిని అందులో కలపవద్దు. కేంద్రం 2018 మార్గదర్శకాల ప్రకారం 18 నెలల మిడ్‌వైఫరీ (కాన్పులు చేసే) శిక్షణ పొందినవారు ఉంటే వారిని మాత్రం ఇతర వార్డులకు మార్చకుండా లేబర్ రూమ్‌లోనే ఉంచాలి.

— ప్రసూతి నర్సింగ్ అధ్యాపకులు, గుంటూరు