బిళ్ల పీకేసిన టీవీ ఇంటికి తీసుకుపోవద్దు

సంపాదకులకు,

ఉరుముల వాన వెలిసిన మర్నాడు కావలి, ఒంగోలు రిపేరు షాపులకు వచ్చే టీవీ బోర్డుల్లో తరచూ కనిపించేవి రెండు: మాడిన ఫ్యూజు, దాని వెనకే పగిలిన నీలం బిళ్ల. ఆ బిళ్లే ఎంఓవీ, అంటే జింక్ ఆక్సైడ్ వేరిస్టర్. మామూలు వోల్టేజికి అది కరెంటును దాదాపు పోనివ్వదు. దగ్గర్లో పిడుగు పడి లైను ఒక్కసారిగా ఎగదన్నితే, మైక్రోసెకను లోపే ఆ కరెంటును తన గుండా మళ్లించి బోర్డును కాస్తుంది. దెబ్బ మరీ పెద్దదైతే తాను షార్టయి ఫ్యూజును పోగొడుతుంది.

కొందరు ఆ బిళ్లను కత్తిరించి పారేసి, ఫ్యూజు చోట తీగ చుట్టి ఇచ్చేస్తున్నారు. ఇది చాలా తప్పు. టీవీ వెలుగుతుంది గానీ, తర్వాతి ఉరుముకు పవర్ సప్లయి మొత్తం పోతుంది, మంటలూ రావచ్చు.

బిళ్ల మీద 14డి471కె అని ఉంటే, 14 వ్యాసం మిల్లీమీటర్లలో. 471 అంటే 47 పక్కన ఒక సున్నా, 470 వోల్టులు; బిళ్ల కరెంటును పోనివ్వడం మొదలుపెట్టేది సుమారు ఈ వోల్టేజి దగ్గరే. ఇది 300 వోల్టుల ఏసీని నిత్యం ఓర్చుకుంటుంది. 391 బిళ్ల ఓర్చేది 250కే. రాత్రిళ్లు లోడు తగ్గి లైను అంతకు మించే ఊళ్లలో అది వేడెక్కుతూ త్వరగా పాడవుతుంది. జాగా ఉంటే 20డి471 వేయడం మేలు. ఫ్యూజు పాత రేటింగుదే వేయాలి, బిళ్ల దాని తర్వాతే రావాలి. బోర్డు ముట్టుకునే ముందు పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులు మిగిలి ఉన్నాయేమో మీటరుతో చూడాలి.

న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, తెగితే మాత్రం ఈ బిళ్ల కాపాడలేదు. ఉప్పుగాలికి స్తంభం మీది జాయింటు తుప్పు తిని ఊడితే, లోడు తక్కువున్న ఫేజు ఇళ్లకు 400 వోల్టుల దాకా వస్తుంది. అది రెప్పపాటు దెబ్బ కాదు, నిమిషాల తరబడి ఉంటుంది, బిళ్ల కాలిపోతుంది. అందుకు 270 వోల్టుల దగ్గర ఆపేసి, లైను కుదుటపడ్డాక మూడు నిమిషాలు ఆగి కలిపే కటాఫ్ పరికరం వేయించుకోవాలి.

మెయిన్ బోర్డులో ఎస్పీడీ, అంటే ఇల్లంతటికీ పిడుగు దెబ్బను ఆపే పరికరం, పెట్టించేవాళ్లు తీగల పొడవు చూసుకోవాలి. ఫేజు నుంచి ఎస్పీడీకి, అక్కడి నుంచి ఎర్తు బారుకు, రెండూ కలిపి అర మీటరు దాటకూడదు. పిడుగు కరెంటుకు ఒక్క మీటరు తీగ మీదే వెయ్యి వోల్టుల దాకా పడుతుంది, అదంతా వస్తువుల నెత్తికే వస్తుంది. ఎర్తింగ్ గుంత ఎండితే ఆ కరెంటు పోయే దారి సరిగా ఉండదు కాబట్టి, తీరంలోని ఇసుక నేలల్లో ఎండాకాలమంతా నీళ్లు పోస్తుండాలి.

విద్యుత్ సిబ్బంది అక్టోబరు వానలకు ముందే తీర గ్రామాల్లో న్యూట్రల్ జాయింట్లు బిగించి, అల్యూమినియం, రాగి కలిసే చోట బైమెటల్ లగ్గులు (రెండు లోహాలతో చేసిన తీగ కొసలు) వేయాలని కోరుతున్నాం.

– ఎలక్ట్రానిక్స్ మెకానిక్కులు, కావలి