కాణిపాకం కథలో నీకు చెప్పని సగం

తిరుపతి,
ఏప్రిల్ 6

పాపా,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పింది ఇంకా చెవుల్లోనే ఉంది. మూడు నెలలు కూర్చుని నువ్వు చేసిన పనిని మీటింగులో ఇంకొకతను తనదని చెప్పుకుంటే నోరు మెదపలేదన్నావు. ఎందుకంటే, "రెండు మూడు చోట్ల అతనూ సాయం చేశాడు నాన్నా, పూర్తిగా నాదే అంటే అబద్ధం కదా" అన్నావు. మీ అమ్మ తిట్టడం మొదలుపెట్టింది. నేను ఫోన్ ఆమె చేతికిచ్చి వాకిట్లోకి పోయాను.

కాణిపాకం కథ నీకు చాలాసార్లు చెప్పాను. అప్పు ఎగ్గొట్టినవాడు కోనేట్లో మునిగి తడిబట్టలతో వినాయకుడి ముందుకొచ్చేసరికి వణికిపోయి నిజం ఒప్పుకున్న కథ. అది ఊళ్లో అందరూ చెప్పుకునేదే. నా కథ వేరు.

1994లో బెల్లం అమ్మిన డబ్బులో 12,000 ఒకాయనకు చేబదులిచ్చాను. నోటు రాయించుకోలేదు. ఏడాది తిరక్కుండానే తీసుకోలేదన్నాడు. పెద్దమనుషులు, "ఇచ్చానని కాణిపాకంలో ప్రమాణం చెయ్, ఆయన కట్టేస్తాడు" అన్నారు. సంతోషంగా పోయాను. స్నానం చేసి దేవుడి ముందు నిలబడ్డాక అనుమానం పట్టుకుంది. రెండు విడతలుగా ఇచ్చాను. మొదటిది 7,000, అందులో సందేహం లేదు. రెండోది 5,000నా, 4,500నా? దేవుడి దగ్గర ఒక్క అక్షరం తప్పినా కళ్లు పోతాయని మీ అవ్వ చిన్నప్పటి నుంచీ చెప్పేది. నోరు రాలేదు. వెనక్కొచ్చేశాను.

"నిజమే అయితే వెనక్కెందుకొస్తాడు?" అంది ఊరు. డబ్బు పోయింది సరే, అబద్ధాలకోరునని పేరు కూడా నాకే వచ్చింది.

నమ్మకాన్ని తప్పు పట్టడం లేదు. మన వీధిలోనే ఇద్దరు అక్కడ ప్రమాణం చేసి తాగుడు మానేశారు. వాళ్ల చేత సీసా కింద పెట్టించిన భయమే నా నోరు కట్టేసింది. అప్పు తీసుకున్నాయన్ని ప్రమాణం చెయ్యమని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు. గుడి పక్కన పారే బాహుదా కథ నీకు తెలుసుగా, ఆకలికి ఒక్క పండు కోసుకున్న తమ్ముణ్ణి అన్నే రాజుకు పట్టిస్తే చేతులు నరికించారు. ఆ నదిలో మునిగితే చేతులు తిరిగొచ్చాయట. ఆ అన్న అంటే నాకు ఎప్పుడూ గిట్టదు. ఇప్పుడు చూస్తే నేనూ ఆయన బాపతే అనిపిస్తోంది.

ఖాయంగా తెలిసిన 11,500కే ప్రమాణం చేస్తానని అనొచ్చు కదా! ఆ మాట ఇరవై ఏళ్లకు తట్టింది, అదీ చిత్తూరు బస్సులో, పూతలపట్టు దగ్గర. ఒక్కణ్ణే నవ్వుకుంటే పక్కాయన వింతగా చూశాడు.

నీకు కూడా చిన్నప్పుడు కళ్లు పోతాయనే చెప్పి పెంచాను. అవ్వ మాటే, నా నోటితో. నువ్వు మీ మేనేజర్‌కి ఒక మెయిల్ రాయి. మీటింగులో తనదన్నతను సాయం చేసిన రెండు మూడు చోట్లూ అతని పేరు పెట్టి రాయి, మిగతాది నాదని రాయి. పంపే ముందు నాకు చదివి వినిపించక్కర్లేదు. విన్నానంటే నేనే ఏదో ఒకటి కొట్టేయమంటాను.

మే నెలలో గంగమ్మ జాతరకు రావాలనుంటే సెలవు సరిగ్గా చూసుకుని రా. చాటింపు వేశాక జాతర అయ్యేదాకా ఊరు దాటకూడదు. ఆఫీసుందని నువ్వంటే అవ్వ ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోను.

మీ నాన్న